అరకిలో టమాటాలు, 14 మెట్లు

పటమట రైతుబజారుకు వెళ్లి అరకిలో టమాటాలు తేవడం మన లెక్కలో ఒక్క పని. కాగితం మీద విడదీసి రాస్తే 14 పనులు తేలతాయి. సంచి తీసుకోవాలి. డబ్బు జేబులో పెట్టుకోవాలి. చెప్పులేసుకుని తలుపు దగ్గరికి వేయాలి. రోడ్డు అంచున ఆగాలి. రెండు వైపులా చూసి దాటాలి. బజారు గేటు గుర్తుపట్టాలి. ధరల బోర్డు చూడాలి. టమాటాల దగ్గర ముందున్నవాళ్లది అయ్యేదాకా నిలబడాలి. అరకిలో అని నోరు తెరిచి అడగాలి. మెత్తబడ్డవి వదిలేసి గట్టివి ఏరాలి. తూకం చూసుకోవాలి. డబ్బివ్వాలి. చిల్లర తీసుకుని లెక్కపెట్టుకోవాలి. వెళ్లిన దారినే ఇంటికి రావాలి.

ఈ పద్నాలుగూ మనం ఎప్పుడు నేర్చుకున్నామో మనకే గుర్తుండదు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు మాత్రం ఒక్కో మెట్టూ విడిగా, వరుస తప్పకుండా, విసుగు లేకుండా నేర్పాలి. పనిని ఇలా మెట్లుగా విడదీయడాన్ని స్పెషల్ టీచర్లు టాస్క్ అనాలిసిస్ అంటారు. మన ప్రత్యేక పాఠశాలల్లో చాలాచోట్ల వాడే మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ అనే పట్టిక కూడా ఈ పద్ధతిలోనే ఉంటుంది. చెన్నైలోని విజయ్ హ్యూమన్ సర్వీసెస్ తయారుచేసిన ఆ పట్టికలో తినడం, దుస్తులు వేసుకోవడం, డబ్బు, సమయం, ఇంటిపని వంటి 18 రంగాలు, రంగానికి 20 అంశాల చొప్పున మొత్తం 360 అంశాలు ఉంటాయి. ఒక పిల్లవాడు ఏడాదికి 20 అంశాలు కొత్తగా నేర్చుకుంటే అన్నీ పూర్తి కావడానికి 18 ఏళ్లు పడుతుంది. అందుకే ఈ నేర్పడంలో వేగం పెంచే సాధనం ఏది వచ్చినా తల్లిదండ్రులు ఆశగా చూస్తారు. ఇప్పుడు అలా చూస్తున్నది వర్చువల్ రియాలిటీ వైపు.

కళ్లకు తొడుక్కునే ఒక పెట్టె, అందులో రెండు కళ్లకూ విడివిడిగా బొమ్మ చూపే తెర, తల ఎటు తిప్పితే దృశ్యం అటు తిరిగేలా చేసే సెన్సార్లు: వర్చువల్ రియాలిటీ అంటే ఇంతే. పెట్టెను హెడ్‌సెట్ అంటారు, మొత్తాన్ని పొట్టిగా వీఆర్ అంటున్నారు. టీవీలో బజారును చూస్తాం. వీఆర్‌లో బజారు మధ్యలో నిలబడ్డట్టు ఉంటుంది. చేతిలో ఉండే చిన్న కంట్రోలర్‌తో కాయను పట్టుకోవచ్చు, బుట్టలో వేయవచ్చు, తప్పు చేస్తే మళ్లీ మొదటికి రావచ్చు.

ఆటలకు పుట్టిన వస్తువు ఇలాంటి పాఠానికి ఎందుకు? జవాబు ఐదో మెట్టులో ఉంది, రోడ్డు దాటడంలో. 15 మీటర్ల వెడల్పున్న రోడ్డు అనుకుందాం. సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషికి దాటడానికి పన్నెండున్నర సెకన్లు కావాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు ఆ సమయంలో దాదాపు 140 మీటర్లు వచ్చేస్తుంది, అంటే ఏడు క్రికెట్ పిచ్‌ల పొడవు. నెమ్మదిగా, సెకనుకు 0.9 మీటర్ల చొప్పున నడిచే అమ్మాయికి 17 సెకన్లు పడుతుంది, అప్పుడు అదే బైకు 185 మీటర్లు వస్తుంది. బైకు ఎంత దూరంలో ఉంటే ఆగాలో, ఎంత దూరంలో ఉంటే దాటవచ్చో కంటికి అలవాటు కావాలి. ఆ అలవాటు తప్పుల మీదే వస్తుంది. బందరు రోడ్డు మీద ఏ తల్లీ ఆ తప్పులు చేయనివ్వదు, చేయనివ్వకూడదు కూడా. హెడ్‌సెట్‌లో ఎన్ని తప్పులు చేసినా గీత కూడా పడదు.

రెండో కారణం సాధన సంఖ్య. వారానికోసారి పిల్లవాడిని బజారుకు తీసుకెళ్తే ఏడాదికి 52 సార్లు. వానలు, జ్వరాలు, ఇంటికొచ్చే చుట్టాలు తీసేస్తే 40 మిగిలితే గొప్ప. బడిలో రోజుకు 10 నిమిషాలు హెడ్‌సెట్ పెట్టి, ఆ పది నిమిషాల్లో మూడుసార్లు బజారు చుట్టి వస్తే, ఐదు రోజుల బడి వారానికి 15 సార్లు. ఏడాది సాధన మూడున్నర వారాల్లో అయిపోతుంది.

అక్కడ నేర్చుకున్నది బయట పనికొస్తుందా? అందరికీ వచ్చే అసలు అనుమానం ఇదే, రావలసిన అనుమానం కూడా. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి తీసుకెళ్లడమే కష్టం. బడిలో కుళాయి తిప్పడం వచ్చిన పిల్ల ఇంట్లో వేరే రకం కుళాయి ముందు నిలబడిపోతుంది. ఈ ప్రశ్నకు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ముప్పై ఏళ్ల కిందటే జవాబు వెతికారు. అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు షెపర్డ్ స్కూల్ అనే ప్రత్యేక పాఠశాలతో కలిసి కంప్యూటర్‌లో ఒక సూపర్‌మార్కెట్ కట్టారు. టీనేజి విద్యార్థులను ముందు నిజమైన సూపర్‌మార్కెట్‌కు తీసుకెళ్లి సరుకులు తెమ్మన్నారు. తర్వాత ఒక జట్టు కంప్యూటర్ సూపర్‌మార్కెట్‌లో సాధన చేసింది, రెండో జట్టు కంప్యూటర్‌లోనే దీనితో సంబంధం లేని వేరే చోట్ల తిరిగింది. మళ్లీ నిజం దుకాణానికి వెళ్లినప్పుడు మొదటి జట్టు వేగంగా ముగించింది, సరైన సరుకులూ ఎక్కువగా తెచ్చింది. ఆ ఫలితాలు 1996లో అచ్చయ్యాయి. గమనించండి, అప్పుడు వాడింది హెడ్‌సెట్ కాదు, మామూలు కంప్యూటర్ తెర, జాయ్‌స్టిక్.

మరి తెర చాలినప్పుడు తలకు పెట్టె ఎందుకు? దీనికి ఆస్ట్రేలియా నుంచి కొంత జవాబు వచ్చింది. యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియా పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో మేధో వైకల్యం ఉన్న 36 మంది పెద్దవాళ్లు పాల్గొన్నారు. పాఠం ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలన్నది. కొందరికి హెడ్‌సెట్‌తో, కొందరికి టాబ్లెట్‌తో నేర్పి, ఆ తర్వాత నిజం చెత్త, నిజం డబ్బాలు ముందు పెట్టి పరీక్షించారు. హెడ్‌సెట్ జట్టు ముందుకన్నా స్పష్టంగా మెరుగుపడింది, వారం తర్వాతా అది నిలిచింది. టాబ్లెట్ జట్టులో అంత మార్పు కనపడలేదు. చూసి వేలితో నొక్కడానికీ, వంగి తీసి డబ్బాలో వేయడానికీ ఉన్న తేడానే దీనికి కారణమని నాకు అనిపిస్తుంది, ఒంటికి అలవాటైన పని ఊరికే పోదు. అయితే 36 మంది అంటే ఒక సిటీ బస్సులో పట్టేంతమంది. ఇది మంచి కబురే కానీ, అందరికీ ఇలాగే జరుగుతుందన్న హామీ కాదు.

మన దగ్గర ఇది ఎంతమందికి సంబంధించిన విషయం? 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్లు 1,32,380 మంది. అప్పటి జనాభా 8.46 కోట్లు. అంటే దాదాపు 640 మందిలో ఒకరు. అదే నిష్పత్తిని 45 లక్షల జనాభా ఉన్న అప్పటి కృష్ణా జిల్లాకు వేస్తే సుమారు 7 వేల మంది. ఇప్పుడు రెండో లెక్క చూడండి. ప్రపంచవ్యాప్తంగా జరిగిన 52 అధ్యయనాలను కలిపి 2011లో ప్రచురించిన విశ్లేషణలో వెయ్యికి 10 మంది దాకా ఉంటారని తేలింది. ఆ లెక్కన జిల్లాలో 45 వేల మంది. ఏడు వేలకూ నలభై ఐదు వేలకూ మధ్య ఉన్నవాళ్లు ఎక్కడ? ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు చెప్పని పిల్లలు కొందరు. చదువు రావడం లేదని బడి మానిపించి పొలానికో పశువుల దగ్గరికో పంపిన తేలికపాటి వైకల్యం వాళ్లు చాలామంది. మేధో వైకల్యం ఉన్న వందమందిలో 85 మందిది ఈ తేలికపాటి కోవే. బజారు, బస్సు, చిల్లర నేర్పితే స్వతంత్రంగా బతకగలిగేదీ వీళ్లే. గుడివాడలో, అవనిగడ్డలో, బందరులో ఏ వీధిలోనైనా ఉంటారు.

"మావాడి సర్టిఫికెట్‌లో 75 శాతం అని రాశారు, వాడికేం వస్తాయి?" అని అడిగే తల్లిదండ్రులున్నారు. ఆ అంకెను చూసి కుంగిపోవద్దు. నాలుగింట మూడొంతుల పనులు రావని దాని అర్థం కాదు. రోజువారీ పనుల్లో పిల్లవాడి తీరును కొలిచే వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ అనే పరీక్షలో 36 నుంచి 54 మధ్య మార్కులు వస్తే 75 శాతం అని, 55 నుంచి 69 మధ్య వస్తే 50 శాతం అని 2018 నాటి ప్రభుత్వ మార్గదర్శకాలు నిర్ణయించాయి. పింఛనుకూ రాయితీలకూ అవసరమైన అంకె అది. పిల్లవాడికి 14 మెట్లలో ఏది వచ్చు, ఏది రాదు అన్నది అందులో ఉండదు. ఆ జాబితా మీరూ టీచరూ కూర్చుని రాసుకోవలసిందే.

ఇక డబ్బు సంగతి. ఇప్పుడు బాగా నడుస్తున్న మెటా క్వెస్ట్ 3ఎస్ హెడ్‌సెట్ 2024లో 299 డాలర్ల ధరతో వచ్చింది. డాలరుకు 85 రూపాయలు వేసుకున్నా 25 వేల పైచిలుకు. పన్నులూ రవాణా కలిపి 30 వేలు అనుకోండి. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6 వేలు. అంటే ఐదు నెలల పింఛను. దానికోసం ఏ ఇల్లూ అప్పు చేయనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

బడి కొంటే లెక్క మారిపోతుంది. 40 మంది పిల్లలున్న బడిలో ఒక హెడ్‌సెట్ మూడేళ్లు నడిస్తే పిల్లకు ఏడాదికి 250 రూపాయలు, నెలకు 21. ఒక్కొక్కరికి 10 నిమిషాల సాధన, తుడిచి ఇంకొకరికి బిగించడానికి 5 నిమిషాలు వేసుకుంటే 40 మందికి 10 గంటలు. బడి సమయంలో 5 గంటలు దీనికి కేటాయించగలిగితే ప్రతి పిల్లకూ రోజు విడిచి రోజు వంతు వస్తుంది. రెండు హెడ్‌సెట్‌లుంటే రోజూ వస్తుంది, నేను పైన వేసిన వారానికి 15 సార్ల లెక్క అప్పుడే నిజమవుతుంది. పక్కన ఒక టీచరో ఆయమ్మో నిలబడే ఉండాలి కాబట్టి, పెట్టె కన్నా ఆ మనిషి సమయమే ఖరీదైనది.

పెట్టె కన్నా ఖరీదైనది ఇంకొకటి ఉంది: పాఠం. యాప్ స్టోర్‌లలో దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో మాట్లాడతాయి. తోపుడు ట్రాలీ, ప్లాస్టిక్ చుట్టిన కూరలు, కుడిపక్కన నడిచే కార్లు. మన రోడ్డు మీద బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. ముందు ఎటు చూడాలో తప్పుగా నేర్పే పాఠం లేనిదానికన్నా ప్రమాదం. కృష్ణా డెల్టా పిల్లలకు కాలవగట్టు మీద ఎక్కడ ఆగాలో నేర్పాలి, ఆర్టీసీ బస్సు బోర్డు మీది తెలుగక్షరాలు పోల్చుకోవడం నేర్పాలి, కొట్లో పది రూపాయల బిళ్ల ఇస్తే తిరిగి ఏం రావాలో నేర్పాలి. ఇవి అమెరికా నుంచి రావు. 360 డిగ్రీల కెమెరా, అంటే చుట్టూ ఉన్నదంతా ఒకేసారి పట్టే కెమెరా, అరలక్ష దాకా పలుకుతుంది. దాంతో పటమట బజారును, పండిట్ నెహ్రూ బస్టాండును, మీ బడి గేటు ముందు రోడ్డును తీసి, మెట్టుకో మాట తెలుగులో చెప్పించి హెడ్‌సెట్‌లో పెట్టుకోవచ్చు. అందులో కాయను ముట్టుకోవడం కుదరదు, చుట్టూ చూడడం, ఆగడం, గుర్తుపట్టడం కుదురుతాయి. నాలుగైదు బడులు కలిసి ఒక కెమెరా కొనుక్కుంటే సరిపోతుంది. ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుకు ఇంతకన్నా పనికొచ్చే విషయం ఈ జిల్లాలో ఉంటుందని నేననుకోను.

వీఆర్‌తో రానివీ చెప్పాలి. పళ్లు తోముకోవడం, స్నానం, చొక్కా గుండీలు, అన్నం కలుపుకోవడం దీంతో నేర్పలేం. బరువు, వేడి, తడి, వాసన అందులో లేవు. పాలు పొంగే చప్పుడు వినిపించవచ్చు కానీ గిన్నె కాలుతుందన్నది చేతికి తెలియదు. వీటికి పాత పద్ధతే మేలు: చివరి మెట్టు ముందు నేర్పడం. గుండీ కన్నంలోకి సగం మీరు దూర్చి, చివరి లాగుడు మాత్రం పిల్లవాడికి వదలండి. అది వచ్చాక చివరి రెండు. పని పూర్తి చేశానన్న సంతోషం మొదటిరోజే వాడికి దక్కుతుంది.

భద్రత విషయంలో మూడు సంగతులు డాక్టరుతో మాట్లాడకుండా ముందుకు వెళ్లవద్దు. మొదటిది మూర్ఛ. మేధో వైకల్యం ఉన్నవాళ్లలో వందకు 22 మందికి మూర్ఛ ఉంటుంది. వాళ్లందరికీ వెలుగు తళుకుల వల్ల ఫిట్స్ రావు, అలా వచ్చేవాళ్లు తక్కువే. అయినా మీ పిల్లవాడు ఏ కోవలో ఉన్నాడో న్యూరాలజిస్టే చెప్పాలి. రెండోది మెడ. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో పదిమందిలో ఒకరిద్దరికి మెడపైన రెండు ఎముకల మధ్య కీలు వదులుగా ఉంటుంది. హెడ్‌సెట్ బరువు అరకిలో, అదంతా ముఖం ముందువైపే వేలాడుతుంది. మూడోది వయసు. 10 ఏళ్ల లోపు పిల్లలకు వద్దని మెటా సంస్థే చెబుతోంది. వీటికి తోడు మన ఎండాకాలం. మే నెలలో ఫ్యాను కింద కూడా నుదురు చెమట పట్టే ఊరిది. తుడిచి పెట్టుకోని స్పాంజి వల్ల ఒకరి కళ్లకలక పదిమందికి అంటుకుంటుంది. పిల్లవాడు వద్దని తల విదిలిస్తే ఆ క్షణమే తీసేయాలి. మాట రాని పిల్లలకు వద్దు అని చెప్పే సైగ ముందుగా నేర్పి, తర్వాతే పెట్టె తెరవాలి.

హెడ్‌సెట్ లేని ఇల్లు చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. మీ ఫోనులో సగం పని అవుతుంది. ఒక మెట్టును మీ పిల్లవాడి కళ్ల ఎత్తులో ఫోను పట్టుకుని, అరనిమిషం మించకుండా తీయండి. వాడికి కనిపించేది వాడి కళ్లకు కనిపించినట్టే ఉండాలి. వాడికిష్టమైన అన్నతోనో అక్కతోనో ఆ పని చేయించండి, ఒకే వాక్యం చెప్పించండి. చూపించి, వెంటనే చేయించండి. దీన్ని వీడియో మోడలింగ్ అంటారు, వీఆర్ కన్నా చాలా ఎక్కువ పరిశోధన దీని వెనక ఉంది. తర్వాత నిజం చోటికి తీసుకెళ్లాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి, కూతురిని తీసుకుని బస్సు నేర్పడానికి బయల్దేరే తల్లికి ఖర్చు సున్నా.

ఎవరిని అడగాలి? సర్కారు బళ్లకు అనుబంధంగా మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే టీచర్లుంటారు. 1984లో సికింద్రాబాద్‌లో మొదలైన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఈ పనికే పుట్టింది. దాని ఆధ్వర్యంలో నెల్లూరులో ఒక ప్రాంతీయ కేంద్రం నడుస్తోంది. ఎవరైనా మీ బడికి వీఆర్ పరికరాలు అమ్మడానికి వస్తే తెలుగులో పాఠం ఉందా, మా ఊరి రోడ్డు చూపిస్తుందా, నేర్చుకున్నది నిజం చోట పరీక్షించే ఏర్పాటుందా అని అడగండి. మూడింటికీ అవునంటేనే ధర మాట్లాడండి.

చివరి అనుమానం వయసు మళ్లిన తల్లిదండ్రులది: "మావాడికి ముప్పై దాటాయి, ఇంకేం నేర్పుతాం?" 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత చదువు హక్కును 6 నుంచి 18 ఏళ్ల వరకే ఇచ్చింది, ఆ తర్వాత చాలామంది ఇంటికే పరిమితమైపోతారు. నేర్చుకోవడం మాత్రం 18 దగ్గర ఆగదు. ఆస్ట్రేలియాలో ఆ 36 మందీ పెద్దవాళ్లే. వాళ్లు నేర్చుకున్న పాఠంతోనే మీరూ మొదలుపెట్టవచ్చు. రోడ్డు దాటక్కర్లేదు, చిల్లర లెక్కక్కర్లేదు, చెత్తబండి మన గుమ్మం ముందుకే వస్తుంది. వంటింట్లో ఆకుపచ్చ డబ్బా తడిచెత్తకు, నీలం డబ్బా పొడిచెత్తకు పెట్టండి. అరటితొక్క, పాల ప్యాకెట్టు చేతికిచ్చి ఏది ఎందులోకో వేయమనండి. రోజుకోసారి చేసినా ఏడాదికి 365 సార్లు సాధన, పైసా ఖర్చు లేదు. గోడకు ఒక కాగితం అంటించి, చెయ్యి పట్టి వేయించిన రోజు "చె" అని, సైగ చేస్తే "సై" అని, మాట చెబితే "మా" అని, తనంతట తానే వేస్తే "త" అని రాయండి. రెండు వారాలైనా "చె" దగ్గరే ఉంటే మెట్టు పెద్దదయినట్టు. అప్పుడు ఒక్క డబ్బాతో, ఒక్క అరటితొక్కతో మొదలుపెట్టండి.